సగంలో ఆగిన ఏడుపు

ఏడుపులు వినడం కోసం ఫోన్‌లో డేటా వేయించుకునే మనుషులు మా శ్రీకాకుళం జిల్లా మొత్తం మీద బహుశా ఇద్దరే ఉండేవారు. ఒకతెను నేను. రెండో మనిషి మా కాలేజీ ఆఫీసులో టైపు పనులు చూసే అమ్మాయి.

ఎచ్చెర్ల దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో నేను కంప్యూటర్ ల్యాబ్ చూసేదాన్ని. మాది నరసన్నపేట పక్క పల్లె, వరి పండించే ఇల్లు. ఉద్యోగం కోసం అరసవల్లిలో గది అద్దెకు తీసుకున్నాను. ఆదివారం వస్తే గుడి దారిలో ఆటోల హారన్లకు తల పగిలిపోయేది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఎవరితోనూ తగువు పెట్టుకోకుండా ఉండడానికి చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని ఏదో ఒకటి వినేదాన్ని. డేటా చవకైన కొత్తరోజులవి. ఒకరోజు వీణ వీడియో అయిపోయాక, దానంతట అదే కంతెలె వచ్చింది. ఫిన్లాండ్ వాళ్ళ తీగల వాయిద్యం, ఒళ్ళో పెట్టుకుని మీటుతారు. దాని వెనక నార్వే ఫిడేలు, స్వీడన్ ఆడవాళ్ళు కొండల్లో ఆవుల్ని పిలిచే కూత, ఒక్కొక్కటే నా గదిలోకి వచ్చి కూర్చున్నాయి. నేను కాదు పొమ్మనలేదు.

ఆ అమ్మాయితో స్నేహం ఆ కూత వల్లే కలిసింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర నేను స్వీడన్ కూత పెట్టుకుని వింటుంటే, తను క్యారేజీ మూత పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏటప్పా అది? మా వాడలో ఆడోళ్ళు ఒడ్డునుంచి పడవని పిలిసినట్టున్నాది," అంది. అప్ప అంటే మావైపు అక్క.

అంతే. ఆ రోజు నుంచి మా ఇద్దరిదీ ఒక ముఠా. ఎవరికి కొత్త పాట దొరికినా రెండోవాళ్ళకు పంపేవాళ్ళం. మిగతా స్టాఫ్ మమ్మల్ని చూసి, "ఏటే, మంచుదేశం పాటలా మళ్ళీ? సెవులు గడ్డకట్టీగలవు!" అని ఏడిపించేవారు. మేం పట్టించుకునేవాళ్ళం కాదు. నాకు ఫిడేలు మీద మోజు. తనకు మాత్రం ఒక్కటే ఇష్టం, శోకాలు. ఫిన్లాండ్ తూర్పు సరిహద్దు పల్లెల్లో ముసలమ్మలు తలగుడ్డ మొహం మీదికి లాక్కుని, చచ్చిపోయిన వాళ్ళ కోసం రాగం తీసి ఏడుస్తారు. అది వాళ్ళకు పాటే. నేర్చుకుంటారు, నేర్పుతారు కూడా. ఒక్క ముక్క అర్థం కాకపోయినా తను ఆ ఏడుపులు మళ్ళీ మళ్ళీ పెట్టుకుని వినేది. కళ్ళు మాత్రం పొడిగా ఉండేవి.

ఆ పాటల అభిమానులు కలిసే గుంపు ఒకటి ఇంటర్నెట్‌లో ఉండేది. అందులో ఫిన్లాండ్ నుంచి ఒక పెద్దావిడ మాకు ఓపిగ్గా అన్నీ చెప్పేది. ఆ శోకాల్లో చచ్చిపోయినవాళ్ళ పేరు పలకరట, "నన్ను మోసిన తల్లీ", "నా వెలుగూ" అని చుట్టూ తిప్పి పిలుస్తారట. కొత్తగా పోయిన మనిషి దారి తెలియక బెదిరిపోకుండా, అంతకుముందు పోయినవాళ్ళను ఎదురురమ్మని పాటలోనే బతిమాలతారట. నేనది ఆ అమ్మాయికి తెలుగులో చదివి వినిపించాను.

"మేమూ మొగుణ్ణి పేరెట్టి పిలవం కదప్పా," అంది.

తన మొగుడి సంగతి అప్పుడు చెప్పింది. తనది ఎచ్చెర్లకు దిగువన సముద్రం ఒడ్డు పల్లె. కొన్నేళ్ళ కిందట మొగుడు చేపల వేటకెళ్ళిన రోజు గాలి తిరిగి పడవ బోల్తా కొట్టింది. తోటివాళ్ళు శవాలై ఒడ్డుకొచ్చారు. ఇతను రాలేదు. వచ్చినవాళ్ళ కోసం వాడంతా ఏడ్చింది. ఇతని కోసం ఎవరూ ఏడవలేదు, ఎందుకంటే ఇతని తల్లి ఒప్పుకోలేదు. ఏ ఒడ్డుకో చేరుంటాడు, ఒడిశాలోనో బెంగాల్లోనో ఉంటాడు అనేది. ఆ ఇంట్లో ఏడిస్తే అతను చచ్చిపోయాడని ఒప్పుకున్నట్టే. అందుకని కోడలి కళ్ళు తడిస్తే చాలు, అత్త చెంగుతో తుడిచేసేది. గ్రామదేవత పండగ వచ్చినప్పుడల్లా తనే సంతకెళ్ళి కోడలికి ఆకుపచ్చ గాజులు తెచ్చి తొడిగేది. ప్రేమ లేక కాదు. ప్రేమ ఎక్కువై.

"ఆళ్ళందరికీ శోకాలెట్టినాను. నా మొగుడికి ఒక్క మాటా అనలేదు. ఈ ముసలమ్మ నా బదులు ఏడుస్తాది కదాని వింటన్నాను," అంది. విన్నాక నాకు ఫిడేలు మీద మోజు ఎక్కడికి పోయిందో తెలియలేదు.

ఆ ఎండాకాలంలో ఒక ఆదివారం నన్ను వాళ్ళింటికి పిలిచింది. విజయనగరం నుంచి చిన్న బ్లూటూత్ స్పీకర్ తెప్పించుకుంది, దాని మీద కొత్త శోకం విందాం రమ్మంది. అత్త చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళమీదికి వెళ్ళింది. మేమిద్దరం నులకమంచం మీద కూర్చున్నాం. ఒకపక్క సముద్రం హోరు, మరోపక్క పాత ఫ్యాను గోల. ఏమీ వినపడటం లేదని తను స్పీకర్ సౌండు పూర్తిగా పెంచేసింది.

ఆ వాడలో ఒక పద్ధతుంది. ఏ ఇంట్లోంచి రాగంతో ఏడుపు వినపడినా, విన్న ఆడమనిషి చేతిలో పని వదిలేసి ఏడుస్తూనే రావాలి. ఏమైందని ముందు అడగకూడదు. ముందు ఏడవాలి, అడగడం తర్వాత. చావు వచ్చిన ఇంటిని ప్రశ్నలతో పలకరించడం తప్పని వాళ్ళ నమ్మకం. నాకదేమీ తెలియదు. పాటలో ముసలమ్మ గొంతు పైకి లేచిందో లేదో, పక్కింటామె చేతులకు చేప పొలుసులతోనే పరిగెత్తుకొచ్చి ఆ అమ్మాయి మెడ వాటేసుకుని, "ఓలమ్మో, ఎంతపని సేసినాడే, దొరికినాడే నా తమ్ముడూ" అని శోకం ఎత్తుకుంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. ఆ వెనక వీధంతా. గదిలో జాగా లేక గుమ్మంలో, గుమ్మంలో లేక వాకిట్లో కూర్చుని ఏడుస్తున్నారు.

ఇది పాట అని చెప్పడానికే ఆ అమ్మాయి నోరు తెరిచింది. నేను పక్కనే ఉండి చూశాను. కానీ నోటి నుంచి మాట రాలేదు, ఏడుపు వచ్చింది. నుదురు పక్కింటామె నుదుటికి ఆనించి, "ఏ నీళ్ళల్లో ఉన్నావురా నా ఇంటి దీపమా, ఏ సేపలకి సెప్పినావురా నీ కబుర్లు" అని మొదలుపెట్టింది. మంచం మీద ఫిన్లాండ్ ముసలమ్మ ఏడుస్తూనే ఉంది. ఏది ఏ దేశం ఏడుపో విడదీసి చెప్పడం నావల్ల కాలేదు. నేనూ ఏడ్చాను. సిగ్గేమీ లేదు చెప్పుకోవడానికి.

అప్పుడు అత్త వచ్చింది. నెత్తి మీద గంప అలాగే ఉంది. వాకిట్లో ఆడవాళ్ళను చూసింది, లోపల కోడల్ని చూసింది.

"ఎక్కడ దొరికినాడు?" అంది.

అందరూ ఆగిపోయి ఆ అమ్మాయి వైపు చూశారు. స్పీకర్ ఒక్కటే వినపడుతోంది. నేను గబగబా దాన్ని నొక్కేశాను.

"దొరకలేదత్తా," అంది అమ్మాయి ఎక్కిళ్ళ మధ్య. "ఫోన్లో పాట. పాటత్తా."

"పాటేనా?"

"పాటే."

ఆ ముసలామె గంప దించి, దాని పక్కనే చతికిలబడి నవ్వింది. అలాంటి నవ్వు నేను ఇంకెవరి మొహంలోనూ చూడలేదు, చూడాలనీ లేదు. "అయితే బతికే ఉన్నాడు కదా! ఏలర్రా ఈ ఏడుపులు? కళ్ళు తుడుసుకోండి. నా కొడుకు ఇంటిలో శోకాలేటి?" అంది. కోడలి దగ్గరికొచ్చి తన చెంగుతో మొహం తుడిచింది. అమ్ముడుపోని చేపలు తలా రెండు పంచి వీధినంతా ఇళ్ళకు పంపేసింది. నాకు కోపంతో ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద కోపమంటే చెప్పలేను. ఆ ముసలామె నవ్వు చూశాక ఆమె మీద కోపం నిలబడదు.

బస్సు దాకా దిగబెట్టడానికి అమ్మాయి నాతో వచ్చింది. బస్సు కనపడ్డాక అంది, "సగమే ఏడిసినానప్పా. మిగతా సగం గొంతుకలో ఉండిపోనాది."

ఆ తర్వాత తను ఆ పాటలు వినలేదు. నేను పంపినవి తెరిచేది కాదు. ఫిన్లాండ్ పెద్దావిడ గుంపులో, మీ స్నేహితురాలు ఎలా ఉందని అడిగితే, పనుల్లో ఉందని రాశాను. మరి ఇంకేం రాయను? మధ్యాహ్నాలు అన్నం తింటూ కూరల గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఒకే పాటను ఇద్దరు విన్నప్పుడున్న రుచి ఒక్కదాన్నే వింటే లేదు. నెమ్మదిగా నేనూ తగ్గించేశాను.

మరుసటేడు వానాకాలంలో జ్వరం తగిలి అత్త పోయింది. కబురు తెలిసి నేను వెళ్ళేసరికి వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. చుట్టూ ఆడవాళ్ళు శోకాలు పెడుతున్నారు. కోడలు మాత్రం కాళ్ళ దగ్గర కూర్చుని అత్త పాదాలు పట్టుకుని ఉంది. కంట్లో చుక్క లేదు.

"సూసినావా, కోడలు ఎలాగున్నాదో, రాయి," అంది నా వెనక ఒకామె. తిరిగి నాలుగు తిట్టాలనిపించింది. ఆ లోపలే తను మొదలుపెట్టింది.

ముందు గొంతు చాలా చిన్నగా ఉంది. "గంప దించీసినావా అత్తా, నా కళ్ళు తుడిసిన సెంగు నీతోనే పట్టుకుపోతన్నావా అత్తా, తెలీని తోవలో ఒక్కర్తివీ ఎలాగెళ్తావే అత్తా" అంటూ సాగింది. తర్వాత తలెత్తింది. శవం వైపు కాదు, సముద్రం వైపు చూసింది. గొంతు పూర్తిగా తెరిచింది.

"ముందెళ్ళిపోయినోడా, నా ఇంటి దీపమా, మీ యమ్మ వస్తన్నాది, ఎదురు రారా! దానికి సీకట్లో కళ్ళు కనపడవు, సెయ్యట్టుకుని తీసుకెళ్ళరా! నీ కోసమే కాసుకున్నాది, ఇంక దాన్ని కాసుకోనీకురా!"

తోటి ఆడవాళ్ళ ఏడుపు ఒక్క క్షణం ఆగిపోయింది. పోయినవాళ్ళను ఎదురురమ్మని పిలవడం ఆ వాడలో ఎవరూ ఎరగరు. అది ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడ నా ఒక్కదానికే తెలుసు. కానీ అర్థం మాత్రం అందరికీ అయింది. అతను పోయాడని ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ అనని మాట పెళ్ళామే అందరి ముందూ అనేసింది. అందరికన్నా పెద్దామె లేచి వచ్చి కోడలి తల గుండెకు హత్తుకుంది. "అనీసినావా తల్లీ," అంది. ఆ పెద్దామె చూపు అప్పటికే కోడలి గాజుల మీద ఉంది.

అత్త పెద్దకర్మ నాడే కోడలి బొట్టూ, గాజులూ తీయించారు. ఒకే పందిట్లో రెండు పనులు అయిపోతాయన్నారు పెద్దలు. అవి కిందటి పండక్కి అత్త తొడిగిన గాజులే. రాయి మీద కొడుతుంటే నేను తట్టుకోలేక, "ఇదేం న్యాయం, ఏడిసినందుకు ఇదా శిక్ష?" అని అరిచాను. పెద్దలు నన్ను పక్కకు జరగమన్నారు. బయట ఊరి మనిషి మాటకు అక్కడ విలువేముంది?

సాయంత్రం తనే నన్ను బస్సు దాకా దిగబెట్టడానికి వచ్చింది. ఒట్టి చేతులు చీరచెంగులో చుట్టుకుంది. నేను ఇంకా తిడుతూనే ఉన్నాను.

"పోనీలేప్పా," అంది. "మిగతా సగం కూడా ఏడిసీసినాను."