మునులందరూ పగటి షిఫ్టుకొచ్చిన రోజు

మా హోసూరు ఫ్యాక్టరీ పాతవాళ్లను ఎవరినడిగినా, "ఆ రోజు కొత్త కంప్యూటరుకు పిచ్చి పట్టింది" అంటారు. పచ్చి అబద్ధం! కంప్యూటరు చెప్పిన మాట విన్నది. పిచ్చి పట్టింది నాకు. ఫ్యాక్టరీని అతలాకుతలం చేసిన ఘనత ఒక ఇనప్పెట్టెకు పోతుంటే నేనెట్లా ఊరుకుంటాను?

ఎనభైల చివర. నేను కృష్ణగిరిలో బస్సెక్కితే, లేత్ మీద పనిచేసే ముని శూలగిరిలో ఎక్కేవాడు. హోసూరు దాకా పోట్లాటే.

"సాంబారులో బెల్లమేసేది మనుషులేనాప్పా?" అనేదాన్ని నేను.

"మా అమ్మ చేసింది తిన్నాక తిట్టమ్మా, ఒప్పుకుంటాను."

అతనికి రాత్రి షిఫ్టు పడిన వారం బస్సు ఉప్పులేని కూడులా ఉండేది.

అప్పుడే షిఫ్టులు వేసే ప్రోగ్రామును పాత భాషనుంచి 'ఆక్' అనే కొత్త భాషలోకి మార్చే పని నాకు పడింది. పేరు చూడండి, డోకొచ్చినట్టు! అందులో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఒకటుండేది. అంటే పేర్లను పట్టే వల. అందులో పడ్డవాళ్లకు ఎప్పుడూ పగటి షిఫ్టే. మెల్లగా 'ముని' అని చేర్చాను.

పాత భాషలో పేరు మొత్తం అదే అయితేనే వలలో పడేది. ఆక్‌లో పేరు ఇక్కడ మొదలు, ఇక్కడితో సరి అని మొదలు గుర్తు, చివర గుర్తు పెట్టకపోతే పేరులో ఎక్కడున్నా పడుతుంది. నేను పెట్టలేదు. మావైపు ఊరిదేవుడు మునేశ్వరుడికి మొక్కుకుని బిడ్డకు ఆ పేరు పెట్టని తల్లి లేదాయె! మునియప్ప, మునిరాజు, మునిరత్నం, చిన్నముని... సోమవారం పొద్దున ఒక్కో లేత్ చుట్టూ మునులు తపస్సుకొచ్చినట్టు నిలబడ్డారు. రాత్రి షిఫ్టుకు దిక్కులేదు.

మేనేజరు ఊగిపోయాడు. "ఏమమ్మా, ఇంతమందిని ఎవరు పిలిచినారు ఈడికి?"

"కంప్యూటరుకు ఏమో అయింది సార్," అన్నాను. అవును, ఆ అబద్ధానికి తల్లిని నేనే.

ముని నా పక్కకొచ్చి, "మునులమీద ఇంత ప్రేమ యాడినుంచి వచ్చిందమ్మా?" అని నవ్వాడు.

"నోరు ముయ్యప్పా!"

మేనేజరు ఇక కంప్యూటరును నమ్మలేదు. తానే పెన్ను తీసుకుని, సగంమంది మునులను రాత్రి షిఫ్టుకే కట్టేశాడు. మొదటి పేరు మా ముని. ఆ తర్వాత శూలగిరిలో బస్సు ఆగిన ప్రతిసారీ నేను కిటికీలోంచి తొంగిచూడడమే మిగిలింది. ఏడాది తిరక్కుండానే అతను బెంగళూరులో పని చూసుకుని వెళ్లిపోయాడు. ఆ బెల్లం సాంబారు నేను తిననే లేదు.

అందుకే మునేశ్వరుడి మీద ఒట్టేసుకున్నాను: మొదలు గుర్తు, చివర గుర్తు పెట్టకుండా జన్మలో ఏ మనిషినీ కోరుకోను.

ఒక్కటి మాత్రం ఎవరైనా చెప్పండి. అంతమంది మునుల్లో నేను పిలిచింది తననేనని తెలిసే నవ్వాడా అతను?