చెరువులో పడ్డ కాయలు

ధనమ్మది వజ్రపుకొత్తూరు దగ్గర, సముద్రపు హోరు వినిపించే ఊరు. పొద్దుట జీడిపిక్కలు కొడుతుంది, సాయంత్రం చెరువు కాస్తుంది. మొదటి పనికి కూలి వస్తుంది. రెండోది ఆమెకెవరూ అప్పజెప్పలేదు. చెత్త పారబోయడానికి గట్టు మీద ట్రాక్టరు ఆగితే చాలు, చీపురుతో ఎదురొస్తుంది. ఆ చీపురు ఊడవడానికేనని ఇంతవరకు ఏ డ్రైవరూ అనుకోలేదు.

భర్త అప్పలరాజుకి కిడ్నీలు పాడయ్యాక ఆమెకి బోరు నీళ్ళంటే అనుమానం పట్టుకుంది. ఏ నీళ్ళు మంచివో పెద్ద డాక్టర్లు తేల్చేలోగా, కళ్ళ ముందున్న చెరువుని చంపుకోవడం ఎందుకంటుంది.

ఈ ఏడు ఆ చెరువుకే గండం వచ్చింది. తూము తలుపు తుప్పుపట్టి విరిగింది. వానలు మొదలయ్యేలోగా కొత్తది బిగించకపోతే, పడ్డ నీరంతా సముద్రం పాలు. అర్జీలు పెట్టి ఊరు అలసిపోయింది. చివరికి ధనమ్మ చందా కోసం జగన్నాథరావు గుమ్మమెక్కింది.

ఆయన ఊరి పెద్ద, ఆమెకి వరసకు బావ. చెరువు గట్టు లోపలి వాలంతా కొబ్బరి వేసి పెంచిన ఘనుడు. దాన్ని ఆక్రమణ అనకుండా 'బావగారి తోట' అనడం ఊరి మర్యాద.

"సెరువు అందరిదీ గదే. నన్నొక్కడినే అడుగుతావేటి?" అన్నాడాయన.

"అందరిదీ అయితే అందులో నీ తోట ఎలగ మొలిసింది బావా?"

ఆయన నవ్వి, మజ్జిగిచ్చి పంపేశాడు. చందా మాత్రం ఇవ్వలేదు.

జగన్నాథరావుకి మజ్జిగే కాదు, తీర్పులివ్వడమూ అలవాటే. ఒకప్పుడు ధనమ్మ పెరటి మామిడి చెట్టు ఆయన దొడ్లోకి వాలితే, "కాయ ఎవరి నేల మీద పడితే వాళ్ళదే" అని పదిమందిలో తేల్చాడు. ఆనాటి కాయలు ఆయన వంటింట్లో పచ్చడైపోయాయి. తీర్పు మాత్రం ఊరికి కట్టుబాటై నిలిచింది.

కొబ్బరికాయల దింపు రోజొచ్చింది. కొబ్బరి చెట్టు వెలుతురు ఎటుంటే అటే వాలుతుంది. బావగారి చెట్లన్నీ నీళ్ళ మీదికే వంగున్నాయి. ఎల్లాజీ చెట్టెక్కి గెలలు నరుకుతుంటే కాయలు దబదబా చెరువులో పడ్డాయి. ధనమ్మ పదిమంది ఆడవాళ్ళతో నడుం లోతు నీళ్ళలో దిగి, వలల్లో పోగేసి, గట్టు అవతల కుప్ప పెట్టించింది.

జగన్నాథరావు పరిగెత్తుకొచ్చాడు. "ఏటే ఇది, పట్టపగలు దొంగతనం?"

"తీర్పు నీదే గదా బావా. కాయలు సెరువులో పడ్డాయి. సెరువుకే సెందుతాయి. తూము తలుపు కొంటాం."

"నాను సెప్పింది నేల గురించి. ఇది నీళ్ళు."

"నీళ్ళ కింద ఉన్నాది నేలే గదా. ఎవరిదో సర్వేయర్ని పిలిసి కొలిపిద్దాం. కొలత గట్టుకాడ మొదలవుతాది. దారిలో నీ సెట్లు తగుల్తాయి మరి."

సర్వేయర్ అన్న మాట వినగానే ఆయన కండువా సర్దుకున్నాడు. తల పైకెత్తి, "ఎల్లాజీ, మిగతా గెలలు తాడు కట్టి మెల్లగ దించు" అని కేకేశాడు.

"నాను దింపేది కాయలు బాబూ, పెళ్ళికూతుర్ని కాదు" అన్నాడు పైనుంచి ఎల్లాజీ. "తాడంటే కూలి రెండింతలు."

నీళ్ళలో ఉన్న ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. జగన్నాథరావు ఒకసారి చెట్లకేసి, ఒకసారి ధనమ్మకేసి చూశాడు. కాయలు పోయినా చెట్లు మిగిలితే చాలనుకుని, "నరుకు, నరుకు" అని గొణిగాడు.

కాయలు పలాస వెళ్ళాయి, ఇనుప తలుపు ఊరికొచ్చింది. చెట్లు కొట్టించమని ధనమ్మ ఇప్పుడే అడగడం లేదు. ఆక్రమించినవాడే నీళ్ళు పోసి, ఎరువేసి, చెరువు ఖర్చులు భరిస్తుంటే తొందరేముంది? నేల తిరిగి అడిగే రోజు కూడా వస్తుంది.

మొదటి వానకే నీరు నిలిచింది. నాలుగు వానలకి బావగారి చెట్ల మొదళ్ళు మునిగాయి. ఆయన గొడుగు పట్టుకుని తూము దగ్గరికొచ్చాడు.

"తలుపు కొంచెం ఎత్తే. సెట్లు ములిగిపోతన్నాయి."

ధనమ్మ తలుపు మీద చెయ్యి వేసింది. ఎత్తడానికి కాదు, గట్టిగా ఉందో లేదో చూడ్డానికి.

"ములగనీ బావా. కాయలు సేతికి దగ్గరవుతాయి."