ఆమె గొంతుకు ఉస్తాద్ తీసిన నకలు

నా చేతిరాత వంకరగా ఉంటుంది, అక్షరాలు తప్పిపోతాయి. చదివేవాళ్లు ఏమనుకోవద్దు. నా చదువు మా ఊరి బడితోనే ఆగింది. కామారెడ్డిలో క్యాసెట్ల దుకాణం నడిపిన ఉస్తాద్ పోయిన శుక్రవారం కన్నుమూశారని ఎల్లారెడ్డి బస్టాండులో ఎవరో అనుకుంటుంటే విన్నాను. అప్పటికే మట్టి ఇవ్వడం కూడా అయిపోయింది. ఇంటికి తిరిగొచ్చాను. చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. అందుకే ఈ పేపరు చదివే మీకు రాస్తున్నాను.

నేను మస్కట్‌లో పనిచేసిన రోజుల్లో రాయడం రానివాళ్లు ఉత్తరానికి బదులు క్యాసెట్టు పంపేవాళ్లు. నా భార్య బస్సెక్కి ఉస్తాద్ దుకాణానికి పోయి, వెనక గదిలో కూర్చుని మాట్లాడేది. ఆయన మిషన్ ఆన్ చేసి, పరదా దించి, ముందు గదిలో పాటలు బంద్ చేసేవారట. "ఇంటి ముచ్చట బజార్ల పడొద్దు" అనేవారట. ఆమెను చెల్లె అని పిలిచేవారు కాబట్టి నేను ఆయనకు బావనయ్యాను.

నేను తిరిగొచ్చాక ఆమె ఎక్కువ కాలం బతకలేదు. క్యాసెట్లు మిగిలాయి. వినీ వినీ టేపులు అరిగిపోసాగాయి. తొంభైల చివర ఉస్తాద్ దుకాణంలోకి కంప్యూటర్ వచ్చిందని తెలిసి, సంచెడు క్యాసెట్లు పట్టుకుపోయాను. అన్నీ ఒక్క సీడీలోనే ఉండాలన్నాను. విడివిడిగా ఉంటే ఏదో ఒకటి పోతుందని నా భయం.

ఆయన కుదించి పట్టించారు. వినిపించారు. మాటలు ఆమెవే. గొంతు మాత్రం నీళ్లలోంచి వచ్చినట్టు వణుకుతోంది.

"ఇది ఆమె కాదు ఉస్తాద్" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. పాటలకు పెట్టే లెక్కే దీనికీ పెట్టానన్నారు. కంప్యూటర్ చప్పుడును సెకనుకు నలభై నాలుగు వేల సార్లు కొలుస్తుందట. అది శాంప్లింగ్ రేటు. ఆ కొలతలు రాసుకోవడానికి సెకనుకు ఎంత జాగా ఇస్తామన్నది బిట్‌రేటు. అన్నీ ఒక్క సీడీలో పట్టాలంటే ఆ జాగా పెంచడానికి లేదు.

"గింత జాగల మస్తు కొలతలు కుక్కినం బావ. ఏదీ సక్కగ పట్టలే. సగం సార్లే కొలుద్దాం. జాగ గంతే ఉంటది గని ఒక్కొక్క కొలతకు ఎక్కువ దొరుకుతది. మాట తేట పడతది."

"మరి పోయేదేంది?"

"సన్నటి చప్పుళ్లు. తక్కువ సార్లు కొలిస్తే గవి అందయి. చెల్లె గాజులు ఇంత మంచిగ మోగయి."

ఆమె చేయి ఆడించకుండా మాట్లాడలేదు ఎప్పుడూ. ప్రతి మాట వెనకా గాజులే. ఆయన తొందరపెట్టలేదు. చాయ్ తెప్పించారు. వచ్చిన గిరాకీని రేపు రమ్మన్నారు. చాయ్ చల్లారిపోయింది. మాటే ఉంచమన్నాను.

"ఉంచుత. గని టేపులు పారెయ్యకు. ఇది నకలే. అసలు దాంట్లనే ఉన్నది."

పెళ్లి క్యాసెట్టు తెచ్చినవాళ్లకైనా, భజన క్యాసెట్టు తెచ్చినవాళ్లకైనా ఆయన ఆ మాట చెప్పకుండా పంపలేదు.

తర్వాత కామారెడ్డి పోయినప్పుడల్లా ఆయన దగ్గర కూర్చునేవాణ్ని. నాకు మాటలు రావు, ఆయన అడిగేవారు కాదు. దూదికి అత్తరు అద్దుకుని చెవిలో పెట్టుకుని, మిషన్‌లో టేపు ఆనే తలను మెత్తటి గుడ్డతో తుడుస్తుండేవారు. అంత నిమ్మళంగా నేను మరో మనిషి పక్కన కూర్చోలేదు.

ఆయన పోయారని విన్న రోజు ఆ సీడీ పెట్టుకున్నాను. ఒకచోట ఆమె మా బోరు మోటారు కాలిపోయిన సంగతి చెబుతూ ఆగిపోతుంది. ఏడుస్తోందని నాకు తెలుసు. అప్పుడు పరదా అవతలి నుంచి, మెల్లగా, "చెప్పు చెల్లె, మిషన్ నడుస్తనే ఉన్నది" అన్న గొంతు. ఉస్తాద్‌ది.

ఊరందరి గొంతులు పట్టిన మనిషి తన గొంతు ఎక్కడా పట్టి పెట్టుకోలేదని తర్వాత నేను దుకాణానికి ఫోన్ చేస్తే ఆయన కూతురు అంది. మీ ఇంట్లో ఆయన పట్టిన క్యాసెట్టు ఉంటే ఒకసారి పెట్టండి. మీవాళ్లు మాట ఆపిన చోట చెవి పెట్టి వినండి. ఆయన వినిపిస్తే నాకు తొందరగా ఒక ముక్క రాయండి.

వినిపించకపోయినా రాయండి.