నాలుగో కెమెరా ఫైలు

నేను దయ్యాల్ని నమ్మను. ఇంజనీరింగ్ చదివాను. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే రుజువు అడిగే రకం. ఇప్పుడు రుజువు నా దగ్గరే ఉంది. అదే ఇబ్బంది.

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పని నాది. నాలుగు కెమెరాల వీడియోలను రోజూ సాయంత్రం ఇంటర్నెట్ స్టోరేజీకి పంపాలి. చేరాక ఇక్కడి డిస్కులో చెరిపేసి, యజమానికి 'సక్సెస్' అని మెసేజ్ పెట్టాలి. ఇవన్నీ వరసగా దానంతటదే చేసే చిన్న ప్రోగ్రామును, అంటే స్క్రిప్ట్‌ను, నేనే రాశాను. వీడియోలు పంపేది మాత్రం ఎవరో తయారుచేసి పెట్టిన కమాండ్. ఏ కమాండైనా పని ముగించాక స్క్రిప్ట్‌కి ఒక అంకె ఇస్తుంది. సున్నా అయితే అంతా బాగున్నట్టు. ఇంకేది వచ్చినా ఎక్కడో తప్పినట్టు. స్క్రిప్ట్‌కి కళ్ళు లేవు. దానికి ఆ అంకె ఒక్కటే ఆధారం.

మా ఫ్యాక్టరీలో పని ముగించిన ఆడవాళ్ళు గేటు దగ్గర కొంగు దులిపి, క్యారేజీ మూత తీసి చూపించి వెళ్ళాలి. ఒకరోజు పప్పు ఒలిచే నీలమ్మ క్యారేజీలో గుప్పెడు ముక్కపప్పు దొరికింది. తాను పనిచేసే బల్ల దగ్గరకు సూపర్‌వైజరే వచ్చి ఇచ్చాడని ఆమె అంది. ఇవ్వలేదని అతనన్నాడు. ఆమె బల్ల పైనే నాలుగో కెమెరా ఉంది.

"బాబూ, నీ కెమెరా సూత్తాది కదా. తీసి సూపించు. నాను దొంగనైతే నువ్వే గెంటీ," అంది నాతో, అందరి ముందూ.

మర్నాడు ధీమాగా తెరిచాను. ముందురోజు నాలుగో కెమెరా ఫైలు స్టోరేజీలో లేదు. డిస్కులోనూ లేదు. చేసిన పనులు నమోదయ్యే లాగ్ చూస్తే, ఆ ఫైలు పంపలేకపోయానని కమాండ్ ఒక వాక్యం రాసుకుంది. రాసుకుని, చివర్లో స్క్రిప్ట్‌కి సున్నా ఇచ్చింది. మిగతా మూడూ చేరాయి కదా అని కాబోలు. సున్నా చూసి స్క్రిప్ట్ డిస్కు చెరిపేసింది. యజమాని ఫోన్‌కి 'సక్సెస్' వెళ్ళింది.

వందలో ఒక్కటి పోయినా పోయిందనే చెప్పాలి. మనిషికి తెర మీద చెప్పాలి, స్క్రిప్ట్‌కి అంకెలో చెప్పాలి. ఈపాటి మర్యాద ఆ కమాండ్ రాసినవాళ్ళకు తోచలేదు.

నీలమ్మను ఆ రోజే మాన్పించారు. విషయం తెలిసి ఊళ్ళో ఇంకే ఫ్యాక్టరీవాళ్ళూ పెట్టుకోలేదు. సూపర్‌వైజర్ ఇప్పటికీ ఉన్నాడు.

ఆ కమాండ్‌ని తీసేసి, ఒక్క ఫైలు తప్పినా సున్నా ఇవ్వనిది ఇంకొకటి పెట్టాను. కొన్నాళ్ళకు నాలుగో కెమెరా పాడైతే యజమాని పీకించేశాడు. స్క్రిప్ట్‌లోంచి నేనూ దాన్ని తీసేశాను. అప్పటినుంచి మొదలైంది.

మూడు ఫైళ్ళూ చేరతాయి. తర్వాత కొత్త కమాండ్ నాలుగోది దొరకలేదని రాస్తుంది. ఆ ఫైలు పేరులో ఉండేది నీలమ్మను పట్టుకున్న రోజు తేదీ.

పాత జాబితా ఏదో మిగిలిపోయిందనుకున్నాను. వెతికాను, లేదు. స్క్రిప్ట్ మొదటినుంచీ మళ్ళీ రాశాను. ఎవరైనా ఆట పట్టిస్తున్నారేమోనని పాస్‌వర్డులన్నీ మార్చాను. డిస్కు మార్చాం, చివరికి కంప్యూటరే మార్చాం. ఆ తేదీ నేనెక్కడా రాయలేదు. అయినా రోజూ అదే పేరు, చివర సున్నా కాని అంకె.

మొన్న బస్టాండులో నీలమ్మ కనిపించింది. అక్కుపల్లి నుంచి చేపలు తెచ్చి అమ్ముకుంటోంది.

"ఏటి బాబూ, దొరికిందేటి నా బొమ్మ?" అంది ఎత్తిపొడుపుగా.

జరుగుతున్నది చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. తట్ట దించి, నా మొహంలోకి చూసింది.

"పోన్లే. మీరందరూ ఒగ్గీసినా అదొక్కటీ ఎతుకుతంది," అంది.

యజమాని విసుక్కుంటున్నాడు. "ఆ ఒక్కటీ ఒగ్గీసి సక్సెస్ అని పంపీవోయ్. రోజూ ఈ గోలేటి?"

ఆ పేరు లెక్కచేయొద్దని స్క్రిప్ట్‌లో ఒక్క వాక్యం చేరిస్తే అయిపోతుంది. చేర్చలేదు. ఆ పేరు ఎక్కడినుంచి వస్తోందో నాకు ఈ రోజుకీ తెలియదు. రోజూ సాయంత్రం ఆయన ఫోన్‌కి మాత్రం 'ఫెయిల్' అనే వెళ్తోంది.