గుండం గట్టున సుంకులమ్మవ్వ

తెల్లారకముందే సుంకులమ్మవ్వ ఈతపొరక చంకన పెట్టుకుని మహానంది గుడి ముందరి గుండం కాడికి పోయేది. మెట్ల మీద రాలిన ఆకులు, భక్తులు వదిలేసిన అరటితొక్కలు అన్నీ ఊడ్చి, పాచి పట్టిన చోట రుద్ది, అరిచేత్తో మెట్టును తడిమి చూసేది. జారదని నమ్మకం కుదిరినాకనే పొరక పక్కన పెట్టి, గోపురం దిక్కు తిరిగి దండం పెట్టేది.

"మహానందీశా, ఈ పొద్దు ఎవురి కాలూ జారనీకు సామీ."

ఆ పనికి ఆమెను ఎవరూ పెట్టలేదు. గట్టు మీద పూలమ్మే లక్ష్మక్క ఊరుకోక గెలికేది. "ఇంత ఊడుస్తాండావే, నీకేమొస్తాదే?"

"ఊడ్సకపోతే నన్ను ఎవురన్నా తిట్టినారా? లేదు కదా. మల్ల ఊడిస్తే ఎందుకిస్తారు?" అని అవ్వ నవ్వేది.

ఆమె పుట్టింది పడమటి దిక్కున, ఆలూరుకు అవతల ఒక మెట్టపల్లెలో. కడవెడు నీళ్ల కోసం బావి కాడ పొద్దంతా వంతు కాసిన పిల్ల. మారెన్నను కట్టుకున్నాక, కరువు తట్టుకోలేక ఆయన వెంట నల్లమల కిందికి అరటితోటల కూలికి వచ్చింది. మొదటిసారి మహానంది గుండంలో ఊరే నీళ్లు చూసి ఆమె నోరు తెరిచిందంట. అడుగున పడిన రూపాయి బిళ్ల మీది బొమ్మ కూడా కనబడే నీళ్లు. అవి గుండం నిండి, కాలువలో పడి, తోటలకు పారిపోతావుండాయి.

"ఇన్ని నీళ్లు ఊరికే పోతాండాయే, అడ్డం ఏసేవాళ్లే లేరా?" అని మారెన్నను కంగారుగా అడిగిందంట. ఆయన బతికినన్నాళ్లూ ఆ మాట చెప్పి చెప్పి నవ్వేవాడు.

ఆయన తొందరగానే పోయినాడు. ఒక్కగానొక్క కూతురు కూడా బిడ్డను కని, ఏడాది తిరగకముందే జ్వరంతో పోయింది. ఆ బిడ్డే శివజ్యోతి. అవ్వ ఏడుస్తా కూసోలేదు. పసిదాన్ని ఒళ్లో పండబెట్టుకుని, గుండం గట్టున కూసోని పత్తి ఒత్తులు చేసి అమ్మడం మొదలుపెట్టింది. ఆ ఒత్తుల దుడ్లతోనే శివజ్యోతి పది చదివింది, ఇంటరు చదివింది, గాజులపల్లెలో అంగన్‌వాడీ టీచరమ్మ అయింది. "మా అవ్వ ఒత్తి చేసింది. ఎలిగింది నేను" అని శివజ్యోతి ఈ రోజుకీ తలెత్తి చెప్తాది.

ఒత్తులు చేసుకుంటా కూసున్న ఆడమనిషిని చూసి, ఒకసారి ఎవరో తల్లి, "అక్కా, తానం చేసొస్తా. ఈ మూట రోంత చూస్తావా?" అని అడిగింది. అంతే. ఆనాటి నుంచి మునిగేవాళ్లందరి మూటలూ అవ్వ ముందరకే వచ్చినాయి. పేరడగదు, ఊరడగదు. మొగం చూస్తాది, మూట చూస్తాది. తడిబట్టలతో వణుకుతా వచ్చినవాళ్లు నోరు తెరవకముందే ఎవరిది వాళ్లకు అందిస్తాది. చేతిలో ఏమన్నా పెట్టబోతే తీసుకోదు. శానా బలవంతం చేస్తే ఒక అరటిపండు తీసుకుని, ఆ పక్కన ఆడుకునే పిల్లలకు ఇచ్చేస్తాది. సుంకులమ్మ కాడ పెట్టిన మూట పోయిందన్న మాట మహానందిలో ఎవరూ వినలేదు.

రెండువేల ఆరులో, కార్తీకంలో, శివజ్యోతి కొడుకుకు పుట్టువెంట్రుకలు తీయించాలని పెట్టుకున్నారు. సోమవారం పొద్దున, గుడి పక్కన కళ్యాణకట్టలో. పిల్లోన్ని మేనమామ ఒళ్లో కూసోబెట్టుకోవాలి. శివజ్యోతికి అన్నాదమ్ములు లేరు. "మేనమామ అయినా, తల్లి అయినా నాకు అవ్వే. ఆమె ఒళ్లోనే తీయాల" అని శివజ్యోతి ముందే తెగేసి చెప్పింది. అత్త రామేశ్వరమ్మ మూతి ముడిచింది గానీ, మొగుడు వీరభద్ర సరే అన్నాడు. అవ్వ ఆ రోజు కోసం కొత్త చీర కూడా కొనుక్కుంది.

ముందురోజు ఆదివారం. మధ్యాన్నం పూట, పెద్దింటి మనిషి లాగుండే ఒకామె ఒక మూట తెచ్చి అవ్వ ముందర పెట్టి, తానానికి దిగింది. తానమయినాక ఆమె, రెండు కార్లలో వెంట వచ్చిన చుట్టాలంతా హడావుడిగా ఎక్కి ఎళ్లిపోయినారు. మూట ఈడనే ఉండిపోయింది. అవ్వ పొద్దు గూకేదాకా దోవ చూసింది. ఎవరూ రాలేదు. మూట తల కింద పెట్టుకుని గుండం పక్క మండపంలోనే పండుకుంది.

సోమవారం తొమ్మిది గంటలకు శివజ్యోతి బిడ్డను ఎత్తుకుని వచ్చేసరికి, అవ్వ లక్ష్మక్క చేత తెప్పించుకున్న కొత్తచీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, మూట ఒళ్లో పెట్టుకుని గట్టు మీదే కూసోనుండాది.

"లెయ్ అవ్వా! పదిన్నరకు యమగండం వచ్చేస్తాది. ఆ లోపలే కావాల."

"ఈ మూటామె వస్తాది మే. వచ్చినాక వస్తా."

"గుడి ఆఫీసులో ఇచ్చేసి రా. వాళ్లు మైకులో చెప్తారు."

"ఆయమ్మ ఆఫీసోళ్లకు ఇచ్చిందా? నాకిచ్చింది."

"అయితే నేను కూసుంటా ఈడ. నువ్వు పో."

"ఆయమ్మ మొగం నీకు తెలుసునా?"

లక్ష్మక్క కల్పించుకుంది. "నేనుండా కదే. ఆమె వస్తే కళ్యాణకట్ట కాడికి నేను తోలుతాలే."

"ఈ జనంలో నువ్వు పూలు అమ్ముతావా, ఆమె మొగం ఎతుకుతావా? వచ్చి, నేను లేకపోతే ముసిల్ది మూట ఎత్తుకపోయిందని ఎనక్కి పోదూ?"

అంతలో వీరభద్ర పరుగున వచ్చినాడు. "అవ్వా, మంగలాయప్ప కత్తి కూడా నూరుకున్నాడు. పోనీ, ఆయన్నే ఈ గట్టు మీదికి పిలుస్తా."

"నీకేమన్నా బుద్ధి ఉండాదేమప్పా? తానం చేసే నీళ్లల్లో వెంట్రుకలు పడితే ఎట్లా?"

ఎనకాలే వచ్చిన రామేశ్వరమ్మ నలుగురూ వినేట్టు అనేసింది. "ఎవురిదో మూటకు ఒడి ఉండాదంట, సొంత మునిమనవనికి లేదంట! పది దాకా చూస్తా. రాకుంటే మా పెద్దకొడుకు ఒళ్లో తీయిస్తాం."

అవ్వ తల వంచుకుంది. అప్పుడు చూసింది శివజ్యోతి. అవ్వ ఒక చేత్తో మూటను అదిమి పట్టుకుని, ఇంకో చెయ్యి పిల్లోని దిక్కు చాచి, మళ్లీ ఎనక్కి తీసుకుంది. పిల్లోడు "అవ్వ, అవ్వ" అని ఆ పక్కకే దూకుతాండాడు. శివజ్యోతిని ఎత్తుకుని తిప్పిన చేతులు అవి, శివజ్యోతి తలనీలాలు తీసేటప్పుడు పట్టుకున్న ఒడి అది. అవ్వకు రావాలని లేక కాదు. నమ్మి పెట్టినామె మాట దాటడం ఆమెకు చేతకాదు. శివజ్యోతికి సిగ్గనిపించలేదు. గుండె నిండిపోయింది.

"అత్తా, పదింపావు దాకా చూద్దాం. మా అవ్వ ఒళ్లోనే తీయాల. కాదంటే ఇంకో సోమవారం తీయిద్దాం. నేనూ ఈడే కూసుంటా" అని, బిడ్డతో సహా అవ్వ పక్కన చతికిలబడింది.

రామేశ్వరమ్మ ఏమో గొణిగింది గానీ, కాసేపటికి తానే పోయి అవ్వకు టీ తెచ్చింది. అవ్వ తాగుతావుంటే, "రేత్రి ఏమన్నా తిన్నావా?" అని కూడా అడిగింది.

పది దాటింది. ఈ లోపల తానానికి దిగినవాళ్లు మళ్లీ మూటలు తెచ్చి అవ్వ ముందర పెడతానే ఉండారు. అవ్వ ఒక్కొక్కరి మొగం చూసి తల ఊపుతానే ఉండాది.

అప్పుడు జనాన్ని తోసుకుంటా వచ్చింది నిన్నటి ఆమె. ఎనకాల కొడుకు. దూరం నుంచే అవ్వ చెయ్యెత్తి, "ఇదిగో తల్లీ, ఈడుండా!" అని కేకేసింది.

ఆమె పేరు సుబ్బరత్నమ్మ. ప్రొద్దుటూరులో బట్టలకొట్టు వాళ్లది. మూట ముందు కారులో ఉందని ఈమె, ఎనక కారులో ఉందని కోడలు అనుకున్నారంట. ఇంటికి పోయి దించుకునేటప్పుడు గానీ తెలియలేదు. "పోయిన మూట ఇంకా ఉంటుందా అమ్మా, అని చెప్పినా వినలేదు" అన్నాడు కొడుకు శివప్రసాద్.

సుబ్బరత్నమ్మ ఆడనే కూలబడి ముడి విప్పింది. బంగారమేమో అని లక్ష్మక్క మెడ చాచింది. లోపల ఒక పాత నూలుచీర. వెలిసిపోయింది, అంచు కాడ కుట్లు.

"మా అమ్మది. ఏటా కార్తీకంలో నన్ను ఈడికి తీసుకొచ్చేది. పోయిన ఉగాదికి దాటిపోయింది. తానమయినాక ఇది కట్టుకుందామని తెచ్చినా, కట్టుకోడానికి మనసొప్పలేదు." ఆమె చీరను మొగానికి హత్తుకుని ఏడ్చింది. శివజ్యోతి కూడా కండ్లు తుడుచుకుంది.

కాసేపటికి తేరుకుని సుబ్బరత్నమ్మ అవ్వ చేతులు పట్టుకుంది. "అవ్వా, నీకేం చేయాల? ఏమడిగినా సరే. చీర పెట్టనా? ఇంటికి ఏమన్నా కావాలా?"

అన్నేండ్లలో అవ్వ ఎవరినీ ఏమీ అడిగిన మనిషి కాదు. శివజ్యోతి ఆమె దిక్కే చూస్తాంది. అవ్వ గుడి గడియారం చూసింది. కళ్యాణకట్ట దిక్కు చూసింది. తన ముందరుండే మూటలు చూసింది. చేయి చాచి పిల్లోన్ని అందుకుంటా అడిగింది.

"ఒక్క సాయం చేస్తావా తల్లీ? మా పిల్లోనికి వెంట్రుకలు తీసి వచ్చేంతవరకు నా జాగాలో రోంత కూసుంటావా? అదో, ఆ ఎర్రతువాలాయప్పది ఈ మూట. ఆ పిల్లతల్లిది ఇది. ఈ చేతిసంచి ఆ ముసిలాయనది. ముగ్గురూ నీ కండ్ల ముందరే మునుగుతాండారు. ఎవురన్నా పలకరిస్తే పలుకు గానీ, చూపు మాత్రం మూటల మీది నుంచి తీయొద్దమ్మా."