గోంగూర కట్ట ఊపితే కదిలిన పడవలు

మా చిన్నప్పుడు... లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో వేసవి సెలవులొస్తే చాలు, ఇళ్లలో బూజుకర్రలు మాయమయ్యేవి. అమ్మలు తిట్టుకుంటూ వెతుకుతుంటే, మేం చర్చి వరండాలో బెంచీల మీద ఒకరి వెనక ఒకరం కూర్చుని, ఆ బూజుకర్రలతో గాలిలో తెడ్లు వేస్తూ ఉండేవాళ్లం...

మాకు పడవ నడపడం నేర్పింది సామ్యేలు అంకుల్. గూడ్సు బండికి గార్డు. డ్యూటీ లేని రోజుల్లో చర్చి పిల్లల్ని, వాళ్లతోపాటు మాలాంటి పక్కింటి పిల్లల్ని ట్యాంక్‌బండ్‌ దగ్గర బోటు క్లబ్బుకి తీసుకెళ్లి చిన్న పడవలు ఎక్కించేవారు. ఎక్కించేవారు అన్నానుగానీ, అంత తేలిగ్గా కాదు. ముందు వరండా చదువు పూర్తవ్వాలి!

"లైఫ్ జాకెట్ బకల్ పెట్టనోడు బోటెక్కడు. బోట్ల లేసి నిలవడ్డోడు మల్ల రాడు. ఎదురుంగ బోటొస్తే కుడికి జరగాలె. చేపలోళ్ల వల కనవడితే సుట్టు తిరిగి పోవాలె, ఆళ్ల కడుపు మీద తెడ్డు ఎయ్యొద్దు."

అన్నిటికంటే పెద్ద రూలు ఇంకోటి ఉంది. ఆయన పచ్చ జెండా ఊపందే ఒక్క పడవా కదలకూడదు. జెండా అంటే వాళ్లింటి పాత కర్టెన్ ముక్క. మా నాన్నలందరూ రైల్వేనే కాబట్టి మాకది వింతగా కూడా అనిపించలేదు.

ఆ వేసవి చివర మాకు పరీక్ష పెట్టారు. నీళ్లలో తేలే రెండు డ్రమ్ముల మధ్య నుంచి వెళ్లి, క్లబ్బు సారు చూస్తుండగా మర్యాదగా తిరిగి రావాలి. పాసైతే పెద్ద బోటు తోడుగా బుద్ధుడి విగ్రహం దాకా పంపిస్తారు. అందరికీ అది సరదా... నాకు మాత్రం ప్రాణం. నాన్నకు కాజీపేట బదిలీ అయింది. బడులు తెరిచేలోపు వెళ్లిపోవాలి. నా తెడ్డుతో నేను బుద్ధుడి దగ్గరికి వెళ్లాలంటే అదే ఆఖరి రోజు.

పడవల్లో కూర్చున్నాం. నా వెనక నా దోస్తు రూతు. సారు విజిల్ వేశారు. ఎవ్వరం కదల్లేదు. మళ్లీ వేశారు. ఊహూఁ...

"ఏందీ, ఈ పిల్లలకు చెవులు వినవడవా?" అని సారు పరేషాన్ అయిపోయారు.

"జెండా లేదు సార్!" అని రూతు అరిచింది.

అంకుల్ జేబులు తడుముకున్నారు. కర్టెన్ ముక్క ఇంట్లో మర్చిపోయి వచ్చారు! అటూ ఇటూ చూసి, మోండా మార్కెట్లో కొన్న కూరల సంచిలో చెయ్యి పెట్టి... గోంగూర కట్ట తీసి పైకెత్తి ఊపారు.

పడవలన్నీ ఒక్కసారిగా కదిలాయి. సారు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయారు.

డ్రమ్ముల దగ్గర, మాకంటే ముందెళ్లి తిరిగొస్తున్న మౌలాలి పిల్లల పడవ ఎదురొచ్చింది. వాళ్లూ అంకుల్ శిష్యులే. అంకుల్ మర్యాద కాస్త ఎక్కువే నేర్పినట్టున్నారు, అందరికీ కుడికి జరగడం తప్ప అన్నీ గుర్తున్నాయి.

"మీరు పోండి" అన్నాం మేం.

"అయ్యో, ముందుగాల మీరే పోండి" అన్నారు వాళ్లు.

ఇలా బతిమాలుకుంటూ ఉండగానే రెండు పడవలూ మెల్లగా పక్కకు కొట్టుకుపోయి గుర్రపుడెక్కలో చిక్కుకున్నాయి.

సారు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు. "జెండా లేకుంటే కదలరు, ఎవర్నీ తోసుకొని పోరు... వీళ్లను సముద్రానికి పంపినా నాకు ఫికర్ లేదు" అని అందర్నీ పాస్ చేసేశారు.

గుర్రపుడెక్కలోంచి బయటపడగానే నేను బుద్ధుడి వైపు తెడ్డు తిప్పాను. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. నీళ్లు అదో రకంగా ఎగరడం మొదలుపెట్టాయి. గట్టు మీద అంకుల్ రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు. రైల్వే పిల్లలకు దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు... బండి ఆపాలి.

ఒడ్డుకొచ్చి ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. "జెర గాలే కదా అంకుల్! నేను మళ్ల రాను కదా!"

ఆయన నా జాకెట్ బకల్ విప్పుతూ, "గాలికి మీ నాయిన ట్రాన్స్‌ఫర్ సంగతి తెల్వది బిడ్డా" అన్నారు. అయినా నాకు కోపం పోలేదు, అలిగి కూర్చున్నాను.

కాజీపేట వెళ్లే రోజు సికింద్రాబాద్ స్టేషన్లో బండి కూత వేసింది. కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం మీద రూతు, మా బ్యాచ్ మొత్తం... ముందు సామ్యేలు అంకుల్. చేతిలో గోంగూర కట్ట! పెట్టెలో జనమంతా వింతగా చూస్తుంటే, ఆయన డ్యూటీలో ఉన్నంత గంభీరంగా నిలబడి దాన్ని ఊపారు. బండి కదిలింది. నా అలక అక్కడే దిగిపోయింది. ఎంత నవ్వానో అంత ఏడ్చాను.

ఇప్పుడు టికెట్ కొంటే లాంచీలో బుద్ధుడి దగ్గరికి వెళ్లొచ్చు. మొన్న మా పిల్లల్ని తీసుకెళ్లాను. సగం మంది జాకెట్ బకల్ పెట్టుకోలేదు. ఎక్కేటప్పుడు ఒకటే తోపులాట. నేను పక్కకు జరిగి "మీరు పోండి" అంటే, వెనకాయన "నడువుండ్రి మేడం, టైం లేదు" అన్నాడు.

ఇంజను మోగింది. నా కళ్లు మాత్రం గట్టు మీద ఆకుపచ్చ రంగు కోసం వెతుకుతున్నాయి... ఎవరూ ఏమీ ఊపకుండానే లాంచీ కదిలిపోయింది.

మిమ్మల్ని అలా జెండా ఊపి సాగనంపిన మనిషి ఎవరు? కింద రాయండి... వాళ్లను కూడా ఒకసారి తలుచుకుందాం.