అమ్మ కాలిపర్లు కట్టి చూపించిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెల్లవారిందంటే మా తమ్ముడి మోకాలి దగ్గర గొళ్లెం పడిన చప్పుడు వినాల్సిందే. పుట్టినప్పటి నుంచి వాడి కాళ్లలో బలం లేదు. రెండు పక్కలా ఇనప కమ్మీలు, తొడకూ మోకాలికీ పిక్కకూ తోలు పట్టీలు, అడుగున బూటు. వాటిని కాలిపర్లు అనేవాళ్లం. అవి కట్టి మోకాలి దగ్గర గొళ్లెం వేస్తే కాలు మడతపడకుండా నిలిచేది. అమ్మ వంటింట్లో నేల మీద కూర్చుని, వాడి కాలు ఒళ్లో పెట్టుకుని రోజూ అవి కట్టేది. గొళ్లెం పడగానే వాడు "యల్లా" అని గోడ పట్టుకుని బయలుదేరేవాడు. ఎక్కడికి బయలుదేరేవాడో వాడికే తెలియాలి, ఇల్లు ఉన్నదే రెండు గదులు.

అప్పుడు మేము గల్ఫ్‌లో, అబూ హలీఫా అనే చోట ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్లం. మాది రాయచోటి వైపు. ముస్లింలమే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. నాన్న షువైఖ్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్. పగలంతా ఊరివాళ్ల కార్లు బాగుచేసి, సాయంత్రం ఇంటికొచ్చి తమ్ముడి కాలిపర్లు ముందేసుకునేవాడు. మోకాలి కీలుకు ఒక చుక్క నూనె వేసేవాడు. వాడు పొడుగైనప్పుడల్లా కమ్మీకి కొత్త బెజ్జం తొలిచి, అంత మేర సాగదీసి బిగించేవాడు. వాడు ఎంత పెరిగాడో ఆ బెజ్జాలు చూస్తే తెలిసేది. ఈ బండికి సర్వీసింగు ఎక్కువ అని నాన్న వేళాకోళం చేస్తే వాడు కడుపుబ్బ నవ్వేవాడు. వాడి నవ్వు చూసి మేమంతా నవ్వేవాళ్లం.

ఒక చలికాలం వాడికి ఛాతీలో నిమ్ము చేరింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు, మళ్లీ ఇంటికి తేలేదు. ఖననం ఇక్కడే జరిగింది. నాన్నా, గ్యారేజీ వాళ్లూ, బిల్డింగులోని మగవాళ్లూ వాణ్ని తీసుకెళ్లారు. మాలో ఆడవాళ్లు ఖబరస్తాన్‌కు వెళ్లే ఆనవాయితీ లేదు గనక అమ్మా నేనూ ఇంట్లోనే ఉండిపోయాం. అమ్మ వాణ్ని చివరిసారి చూసింది ఆసుపత్రి మంచం మీద. మట్టిలో పెట్టడం చూడలేదు. వాడు పోయిన సంగతి ఆమె మనసుకు సగమే తెలిసిందని నాకిప్పుడు అనిపిస్తుంది.

నలభై రోజుల ఫాతెహా అయ్యాక వాడి బట్టలు, బొమ్మలు, పలక అన్నీ అమ్మే తీసి ఇచ్చేసింది. కాలిపర్లు మాత్రం ఒక దుప్పటిలో చుట్టి అల్మారాలో పెట్టి, తాళంచెవి కొంగుకు ముడేసుకుంది. అప్పటి నుంచి ఇంట్లో మాటలు ఆగిపోయాయి. వాడి పేరు తను పలకదు, మమ్మల్ని పలకనివ్వదు. నాన్న ఒక సాయంత్రం అలవాటు కొద్దీ నూనె సీసా చేతిలోకి తీసుకుని, ఎక్కడ వేయాలో తెలియనివాడిలా అలాగే నిలబడిపోయాడు. తమ్ముడు పోవడం ఒక ఎత్తు, కళ్లెదుట తిరుగుతున్న అమ్మ మాకు లేకుండా పోవడం ఇంకో ఎత్తు. వంట చేసేది, వడ్డించేది, నన్ను బడికి పంపేది. నేను తిరిగొచ్చానో లేదో మాత్రం తలెత్తి చూసేది కాదు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. గోదావరి వైపు అమ్మాయి, ఆసుపత్రిలో పిల్లల ఎముకల వార్డులో నర్సు. ఆ ఆసుపత్రి డాక్టరు ఒకాయనా, ఈ అక్కా, ఇంకొందరూ కలిసి టాంజానియాలో ఒక మారుమూల పల్లె కోసం చిన్న సేవాసంస్థ నడిపేవాళ్లు. అక్కడ ఒకే ఆవరణలో ఒక బడి, ఒక దవాఖానా కట్టించారు. మందులూ పుస్తకాలూ ఇక్కడి నుంచి పంపేవాళ్లు. ఏడాదికొకసారి తమ సెలవులు పెట్టుకుని తామే వెళ్లి, కొన్ని వారాలు ఉండి వైద్యం చేసి వచ్చేవాళ్లు. బడీ దవాఖానా ఒక ఎత్తైన దిబ్బ మీద ఉన్నాయట, వానలకు నీళ్లు రాకుండా. అంటే ఆ దిబ్బ ఎక్కగలిగిన పిల్లలకే బడి. క్రితం ఏడు వెళ్లినప్పుడు అక్క ఒక పాపను చూసింది. మా తమ్ముడి ఈడుదే, మా తమ్ముడిలాగే కాళ్లలో బలం లేదు. వాళ్ల అవ్వ రోజూ గుడ్డతో వీపున కట్టుకుని ఎక్కించి, మళ్లీ దించేది. ఆ అవ్వకు ఓపిక అయిపోతోంది. వచ్చే వానలు మొదలైతే ఇక ఎక్కించలేనని చెప్పేసిందట. అదే జరిగితే ఆ పాపకు బడి లేనట్టే.

ఈ సంగతి బిల్డింగంతా తెలుసు. మా అల్మారా సంగతీ తెలుసు. ఇక మంచి చెప్పేవాళ్లు వరుస కట్టారు. ఇచ్చెయ్యి, బిడ్డకు సవాబు, పుణ్యం దక్కుతుందని ఒకరు. వాడి పేరు చెక్కించి పంపితే అక్కడ వాడి పేరు నిలుస్తుందని ఇంకొకరు. ఇనుము ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తావు, ఖలాస్ అనుకో అని మరొకామె. మా బిల్డింగులో సలహాలకు ఎప్పుడూ కరువు లేదు, మనసెరిగి మాట్లాడేవాళ్లకే కరువు. ఒక్కొక్కరు వచ్చి వెళ్లాక అమ్మ లేచి అల్మారా తాళం లాగి చూసుకునేది. నాన్న కూడా ఒకసారి మెల్లగా కదిపి చూశాడు. ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు. నాన్న మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఒక శుక్రవారం పొద్దున అక్క వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. వంటింటి గుమ్మంలో చతికిలబడి, మొహం వేలాడేసుకుని చెప్పింది.

"నాకో చిక్కొచ్చి పడింది వదినా. ఆ పాపకి కాలిపర్లు ఎక్కడో ఒకచోట సంపాదిస్తాంలెండి. కట్టడమే నాకు సరిగా రావట్లేదు. నిరుడు ఒక పిల్లాడికి కడితే తోలు ఒరుసుకుని పుండు పడిపోయింది. మీవాడికి ఎప్పుడూ ఒక్క పుండు పడగా చూళ్లేదు నేను. మీరెలా కట్టేవారో కాస్త నేర్పండి."

తమ్ముణ్ని చూపించడానికి వెళ్లినప్పుడల్లా వార్డులో అక్కను చూశాను. ఒక చేత్తో పిల్లవాడి ముక్కు తుడుస్తూ ఇంకో చేత్తో పట్టీ బిగించే మనిషి. కట్టడం రాదంటే నమ్మడానికి నేనేమన్నా పాలుతాగే పిల్లనా. ఉండబట్టలేక, "అదేందక్కా, నువ్వు రోజూ కడతావు గదా" అనేశాను. నాన్న గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. అక్క తల వంచుకుంది.

అమ్మ పొయ్యి మీద గిన్నె దించి, కొంగుతో చేతులు తుడుచుకుంది. మమ్మల్నెవరినీ చూడకుండా నాతోనే చెప్పింది.

"అక్కకు కాళ్లకు కట్టేది తెల్సులే పాపా. మనోనికి కట్టేది తెల్దు."

కొంగు ముడి విప్పి, తాళంచెవి తీసి, అల్మారా దగ్గరికి వెళ్లింది. దుప్పటి తెచ్చి నేల మీద పరిచింది. తర్వాత నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని, నా కాలు తన ఒళ్లోకి లాక్కుంది.

నేను తమ్ముడి కంటే పొడుగు. కాలిపరు నాకు తొడ సగం వరకే వచ్చింది. ఇనుము చల్లగా తగిలింది. అమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. ముందు కుడికాలే కట్టాలంది. ఎడమది ముందు పట్టుకుంటే వాడు భయపడి కాలు లాగేసుకుంటాడు, ఎందుకో వాడికే తెలియదు. మోకాలి పట్టీ కింద పాత నూలుచీర ముక్క మడతపెట్టి వేయాలి, మరీ మందంగా వేస్తే చెమట పట్టి అదే పుండవుతుంది. పట్టీ బిగించేముందు వాణ్ని కబుర్లలో పెట్టాలి, మాటల్లో పడితే కాలు దానంతటది వదులవుతుంది. బిగించాక పట్టీ కింద వేలు దూరాలి. గొళ్లెం వేసేముందు 'వేస్తున్నా' అని చెప్పాలి, చెప్పకుండా వేస్తే ఉలిక్కిపడతాడు. వాడు బతికే ఉన్నట్టు, సాయంత్రానికి అక్క చేతికి అప్పగించి ఎక్కడికో వెళ్లాల్సి ఉన్నట్టు చెబుతూ పోయింది. అక్క అడిగి అడిగి చెప్పించుకుంది. తనూ ఒకసారి కట్టింది. పట్టీ మరీ బిగిస్తే అమ్మ ఆమె చేతి మీద చిన్న దెబ్బ వేసి మళ్లీ కట్టించింది.

రెండోసారి అమ్మే గొళ్లెం వేస్తూ నా మోకాలి మీద చెయ్యి ఉంచి, తలెత్తకుండానే అడిగింది.

"నొప్పిగా ఉండాదా నాయనా?"

నన్ను అమ్మ ఎప్పుడూ పాపా అనే పిలిచేది. నాయనా అనే పిలుపు తమ్ముడిది. "లేదమ్మా" అన్నాను. అమ్మ చేతులు అక్కడే ఆగిపోయాయి.

అప్పుడు ఏడ్చింది. ఆసుపత్రిలో ఏడవలేదు, వాణ్ని తీసుకెళ్తుంటే ఏడవలేదు, ఫాతెహా రోజున అందరూ ఏడుస్తుంటే తను వడ్డిస్తూ తిరిగింది. ఇప్పుడు నా కాలినీ ఆ ఇనుమునీ కలిపి గుండెకు అదుముకుని, వాణ్ని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. నాన్న గోడ వైపు తిరిగాడు. ఆయన భుజాలు కదలడం నాకు కనిపిస్తూనే ఉంది. అక్క ఓదార్చలేదు, ఊరుకోమనలేదు. అమ్మ పక్కకు జరిగి, భుజం భుజానికి ఆనించి కూర్చుంది. చాలాసేపటికి అమ్మ మొహం తుడుచుకుని, "ఎడమ కాలిది గూడా చూపిస్తా, చూడు" అంది.

అన్నీ అయ్యాక అక్క లేచి ఉత్త చేతులతో వెళ్లబోయింది. కాలిపర్ల ఊసే ఎత్తలేదు. అమ్మే ఆమెను వాకిట్లో ఆపింది. "ఇవి తీసకపో. కొత్తవి కరుస్తాయి. ఇవి మెత్తబడినాయి" అని చేతిలో పెట్టింది. నాన్న వాటిని మళ్లీ తీసుకుని, కూర్చుని, రెండు కీళ్లకూ నూనె వేసి, గుడ్డతో తుడిచి ఇచ్చాడు. ఆయన తుడుస్తూనే ఉంటే అక్క గుమ్మంలో ఓపిగ్గా నిలబడింది.

కొన్ని వారాలకు అక్క తిరిగొచ్చింది. సామాను విప్పకుండానే మా ఇంటికి వచ్చి చెప్పింది. ఆ పాప నిలబడిందట, పడిందట, మళ్లీ లేచిందట. దిబ్బ మీద పిల్లలంతా పాఠం మానేసి బయటికొచ్చి చూశారట. అవ్వ వీపు మీది గుడ్డ విప్పి చేతిలో పట్టుకుని, పాప వెనకే నడిచిందట. నాన్న మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు. అమ్మ అంతా విని ఒకే మాట అడిగింది.

"కుడికాలే ముందు కట్టినారా?"

"కుడికాలే వదినా. అక్కడ దవాఖానాలో ఉండే ఆవిడకి మీరు చెప్పినట్టే నేర్పానండి. ఆవిడ ఇప్పుడు ఎవరికి కట్టినా కుడికాలే ముందు కడుతోంది. ఎందుకని అడిగితే, పద్ధతి అదేనంటోంది."

వాడు చూడని ఊళ్లో వాడి భయం పద్ధతి అయిపోయింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

అమ్మ ఆ తర్వాత బాగైపోయిందని చెప్పను. పోయిన బిడ్డ పోయినట్టే, ఇంట్లో వాడి చోటు చోటులాగే ఉండిపోయింది. కాకపోతే వాడి పేరు మళ్లీ మా ఇంట్లో వినిపించింది. ఏటా ఆ పల్లెకు సామాను వెళ్లే ముందు అమ్మ పాత నూలుచీరలు ఉతికి, ముక్కలు కోసి, అంచులు కుట్టి ఇచ్చేది. పాప పెరిగాక ఆ కాలిపర్లు ఇంకో పిల్లవాడికి కట్టారని విన్నాం. ఆ తర్వాత అక్క ఉద్యోగం వదిలి వాళ్ల ఊరికి వెళ్లిపోయింది, కబురు తెగిపోయింది.

నాకు అరవై దగ్గర పడ్డాయి. చావు జరిగిన ఇంటికి వెళ్తే ఓర్చుకోమని చెప్పడం నాకు ఈనాటికీ చేతకాదు. మీ ఆయన టీ ఎలా తాగేవాడు, మీ అత్తగారు ఆ పచ్చడి ఎలా నూరేది, నాకు చూపించండి అని అడుగుతాను. కొందరు వింతగా చూస్తారు. కాసేపటికి లేచి వంటింట్లోకి నడుస్తారు, నేను వెనకే వెళ్తాను. అక్క నాకు నేర్పింది అదొక్కటే.

మొన్న చలికాలంలో అమ్మ పోయింది. చివరి రోజులన్నీ ఇక్కడ నా దగ్గరే ఉంది. చాలామంది వచ్చారు. ఏ జబ్బు, ఎన్నాళ్లు ఆసుపత్రిలో ఉంది, వయసెంత అని అడిగారు. అందరూ మంచివాళ్లే. అమ్మకు చివర్లో చేతులు పైకి లేచేవి కావు, తల నేనే దువ్వేదాన్ని. కుడి చెవి వెనక దువ్వెన తగిలితే ఆమెకు జివ్వుమనేది, అక్కడ చిక్కు వేళ్లతోనే తీయాలి. జడ మరీ బిగించకూడదు, పడుకుంటే ఒత్తుకుంటుంది. ఇది నాకొక్కదానికే తెలుసు. మీ అమ్మకు జడ ఎలా వేసేదానివో చూపించు అని ఎవరైనా అడుగుతారేమోనని, తలుపు చప్పుడైనప్పుడల్లా అనుకుంటాను. ఇంకా ఎవరూ అడగలేదు.